తునకల దండెం నుంచి మీట్‌బాల్ ప్యాకెట్ దాకా



ఈ "వాడ వంట" వ్యాసాల్లో ఇప్పటిదాకా గట్క, అంబలి, బోటి గురించి రాస్తూ వచ్చాను. మొన్న ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు: "మేడం, ఇప్పుడు అందరం ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్ తీసి వేడి చేసుకుని తింటున్నాం. ఈ పాత చరిత్ర ఎవరికి పనికొస్తుంది?" మంచి ప్రశ్న. ప్యాకెట్‌కి కూడా చరిత్ర ఉంది తమ్ముడూ. అందులో మనం కూడా ఉన్నాం. అందుకే ఈ భాగమంతా ప్యాకెట్ మీదే, అందులోనూ మీట్‌బాల్స్ మీద.

పది నిమిషాల్లో కూర అనేది కంపెనీలు కనిపెట్టిన సంగతని మనందరికీ ఒక నమ్మకం. ప్రకటనలు అలా నేర్పాయి. నేను చెప్పేది వేరు. పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేనివాళ్ళే తొందర వంటను కనిపెట్టారు. కంపెనీ దాన్ని అట్టపెట్టెలోకి ఎక్కించింది. ఎక్కించేటప్పుడు కనిపెట్టినవాళ్ళ పేరు కింద వదిలేసింది.

ముందు మా వంటింటి సంగతి. ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులమే. సెమిస్టర్ పేపర్లు దిద్దే రోజుల్లో ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. ఇద్దరు పిల్లలు, అమ్మ. ఆ నెలంతా సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే చికెన్ మీట్‌బాల్స్ తెచ్చి రకరకాలుగా వండి చూశాను. ప్యాకెట్ మీద రాసినట్టు గడ్డ కరగకుండానే పెనం మీద వేసి, చెంచాడు నూనెతో, మూత పెట్టి, సన్నటి సెగ మీద అటూ ఇటూ దొర్లిస్తే పైన కరకర, లోపల మెత్తన. పిల్లలు పుల్లలకు గుచ్చుకుని తినేశారు. రెండోసారి టమాటా, ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిపాయ ముద్దతో గ్రేవీ చేసి అందులో వేశాను. చపాతీకి బాగానే ఉంది. మూడోసారి గోంగూర పులుసులో వేశాను. పులుపు ఉండ లోపలికి పోలేదు. పులుసు పులుసుగానే ఉంది, ఉండ ఉండగానే ఉంది, ఒకే గిన్నెలో ఇద్దరు పరాయివాళ్ళలాగ. ముందే ఉడికించి, రుచి కుదిర్చి, బిగించి పంపినదాంట్లోకి మన పులుసు ఎక్కడ దూరుతుంది? అలాంటప్పుడు ఉండను సగానికి కోసి వేయాలి. కోసిన ముఖం కాస్త పులుపు పీల్చుకుంటుంది.

ప్యాకెట్ వెనక రాసింది చదవడం నా వృత్తి రోగం. చికెన్ తర్వాత రొట్టె పొడి, సోయా ప్రోటీన్, పిండి పదార్థం, ఉప్పు, ఇంకా కొన్ని అంకెలు. అందులో 451 అనేది ట్రైఫాస్ఫేట్. మాంసం నీళ్ళు వదలకుండా పట్టి ఉంచడానికి వేస్తారు. అంటే కొన్న తూకంలో కొంత నీళ్ళకు కూడా డబ్బులు కట్టామన్నమాట. ఉప్పు ఎక్కువే. అందుకని గ్రేవీలో ఉప్పు సగానికి తగ్గించి వేయండి. పిల్లలకు రోజూ పెట్టే తిండి కాదిది. వారంలో ఒక రాత్రికి పనికొస్తుంది. నేను కొంటూనే ఉంటాను, ఇందులో దాచేదేమీ లేదు. మీటింగుల్లో కార్పొరేట్ తిండి మీద గంటసేపు మాట్లాడే కొందరు అన్నలు ఉన్నారు. ఇంటికెళ్ళి రోలు ఎవరు తిప్పుతున్నారో ఒకసారి చూసుకుని మాట్లాడాలి వాళ్ళు. ఆడవాళ్ళ గంట సమయం కూడా రాజకీయమే.

మా అమ్మ ఒక ఉండను వేళ్ళ మధ్య నొక్కి చూసింది. "బొక్క లేదు, నరం లేదు. నమిలే పనే లేదు. పండ్లు లేనోళ్ళ కోసం జేసిన్రా బిడ్డా ఇవి?" అన్నది. నేను నవ్వి, పది నిమిషాల్లో అయిపోతుందమ్మా, అదే దీని గొప్ప అన్నాను. "మరి మన తునకలు? అవీ గంతే గద. దండెం మీదికెల్లి తీస్తిమి, నిప్పుల మీద ఏస్తిమి, తింటిమి" అన్నది.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. ప్రబంధాల్లో వంటల పద్యాలు క్లాసులో చెప్తాను. ఎన్ని పిండివంటలు, ఎన్ని పచ్చళ్ళు, ఎన్ని నేతి గిన్నెలు! దండెం మీద తునక మాత్రం ఎక్కడా కనపడదు. నాగప్పగారి సుందర్రాజు, గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటివాళ్ళు రాయడం మొదలుపెట్టాకే వాడ వంటిల్లుకు పుస్తకంలో చోటు దొరికింది. అందుకని తునకల పని ఎలా జరిగేదో కాస్త వివరంగా రాస్తాను. తెలియని పిల్లలు కూడా ఇది చదువుతున్నారు.

పెద్ద పశువు ఒక్కసారిగా వచ్చే కూర. కోసినా, చచ్చినా, వాడకు ఒకే రోజు కుప్పలకొద్దీ మాంసం వస్తుంది. పోగులు వేసి ఇంటికింత పంచుకుంటారు. పేగులు, కార్జం, నెత్తురు అదే రోజు అయిపోవాలి. బొక్కలు మర్నాటికి. మిగిలిన మెత్తటి కండను ఏం చేయాలి? ఫ్రిజ్ లేదు, అమ్ముకుందామంటే కొనేవాడు లేడు. అప్పుడు ఆడవాళ్ళు కత్తిపీట ముందు కూర్చుని కండను తెగకుండా పొడుగ్గా, పట్టీలుగా చీలుస్తారు. దళసరిగా కోస్తే లోపల తడి నిలిచి పురుగు పడుతుంది. మరీ పల్చగా కోస్తే ఎండి పెళుసై రాలిపోతుంది. ఆ మందం చేతికి తెలియాలి. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తారు. కాకులు, గద్దలు రాకుండా పిల్లలకు కాపలా పని. నాలుగు రోజులు మంచి ఎండ తగిలితే కట్టెపుల్లలా బిగుస్తాయి. కుండలో వేసి మూతి కడితే వానాకాలం దాకా ఉంటాయి.

ఇక దాన్ని తినే వేళ చూడండి. నాట్లకు పోయిన మనిషి పొద్దుగూకినాక వస్తుంది. నడుము విరిగి ఉంటుంది. పిల్లలు ఆకలి మీద ఉంటారు. నాలుగు తునకలు తీసి నిప్పుల మీద కాల్చి, రోట్లో ఎల్లిపాయ, ఎర్ర కారంతో దంచితే గట్కలోకి కూర అయిపోయింది. కాస్త ఓపిక ఉంటే నానబెట్టి చింతచిగురులోనో గోంగూరలోనో ఉడికిస్తుంది. ఆ గోంగూరలో తునక పులుపు పీల్చుకుంటుంది. నా ఫ్రీజర్ ఉండ పీల్చుకోలేదు. ఎండబెట్టడం అంటే నీళ్ళు తీసేయడం, ఆ ఖాళీలోకి పులుసు వస్తుంది. ఫ్యాక్టరీ ఏమో నీళ్ళు పట్టి ఉంచి అమ్ముతుంది. ఇంతకంటే నాకు కెమిస్ట్రీ తెలియదు గానీ, తేడా నాలుకకు తెలుస్తుంది.

దీన్ని అందంగా చూపించి వదిలేస్తే అబద్ధమవుతుంది. చచ్చిన పశువును మోయడం వెట్టి. ఊరి పశువు చస్తే మాదిగవాడ మోయాలి. కూలి ఉండదు, ఆ మాంసమే కూలి. 1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ మన జనాన్ని చచ్చిన పశువు మాంసం తినడం మానేయమన్నాడు. అదే అంబేద్కర్ 1948లో "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో గొడ్డుమాంసం చుట్టూ అంటరానితనం ఎలా పుట్టిందో వాదించాడు. కొందరు ఈ రెండూ ఒకదానికొకటి పొసగవంటారు. నాకైతే పొసగుతాయి. మొదటిది వెట్టి నుంచి బయటికి రమ్మన్న పిలుపు, రెండోది ఆ తిండిని చూసి మనిషిని వెలివేసినవాళ్ళ మీద విచారణ. తునకల దండెం మీద ఆ వెట్టీ ఉంది, మా అమ్మమ్మల తెలివీ ఉంది. ఒకటి చెప్పి ఇంకోటి దాచలేం.

తొందర వంట ఇలా తీరిక లేనివాళ్ళ చేతుల్లో పుట్టడం మన వాడలోనే జరిగిన సంగతి కాదు. సూపర్ మార్కెట్‌లో "జెర్కీ" అని ఎండు మాంసం ప్యాకెట్లు చూసే ఉంటారు. ఆ మాట దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లోని క్వెచువా జనం భాషలోది. వాళ్ళు ఉప్పు పెట్టి ఎండబెట్టిన మాంసాన్ని "చార్కి" అంటారు. స్పానిష్ వాళ్ళ నోట పడి, ఇంగ్లీషు వాళ్ళ నోట పడి జెర్కీ అయింది. వాళ్ళ మాట కనీసం వంకర తిరిగి అయినా మిగిలింది.

మీట్‌బాల్ ప్యాకెట్ వెనక ఉన్న ఫ్రీజర్ విద్య కథ ఇంకా స్పష్టం. క్లారెన్స్ బర్డ్‌సై అనే అమెరికన్ 1912 నుంచి 1915 మధ్య కెనడాలోని లాబ్రడార్‌లో బొచ్చుతోళ్ళ వ్యాపారం చేశాడు. అక్కడి ఇన్యూట్ జనం గడ్డకట్టే గాలిలో చేపను పట్టిన వెంటనే గడ్డ కట్టించడం చూశాడు. నెలల తర్వాత వండినా అది తాజాగానే ఉంది. నెమ్మదిగా గడ్డ కడితే పెద్ద మంచు పలుకులు ఏర్పడి కండను చీలుస్తాయి. చప్పున గడ్డ కడితే పలుకులు చిన్నవి, కండ చెదరదు. ఇన్యూట్లకు తరతరాలుగా తెలిసిన ఈ సంగతికి అతను యంత్రం తయారు చేశాడు, పేటెంట్లు తీసుకున్నాడు. 1929లో కంపెనీని 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్మాడు. 1930 మార్చిలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ పెట్టెలు మొదటిసారి అమ్మకానికొచ్చాయి. పెట్టె మీద బర్డ్స్ ఐ అని ఉంది. ఇన్యూట్ అని లేదు.

ఇక మాంసపు ఉండ. కోఫ్తా అనే మాటకు మూలం పారశీకంలో "కూఫ్తన్", అంటే దంచడం. పేరులోనే రోలు ఉంది. పళ్ళకు లొంగని ముదురు కండను, మిగిలిపోయిన ముక్కలను దంచి, ఏదో ఒక పిండి కలిపి పది మందికి సరిపెట్టడం దాని మొదటి ఉపాయం. పారశీకం నుంచి ఇటు హైదరాబాద్ దస్తర్‌ఖాన్ దాకా, అటు టర్కీ దాకా పోయింది. 2018 ఏప్రిల్‌లో స్వీడన్ దేశపు అధికారిక ట్విట్టర్ ఖాతా ఒక మాట చెప్పి కలకలం రేపింది. స్వీడిష్ మీట్‌బాల్స్ అసలు స్వీడన్‌వి కావని, పన్నెండో చార్లెస్ రాజు టర్కీ నుంచి తెచ్చిన వంటకమని. 1709లో పోల్టావా యుద్ధంలో రష్యా చేతిలో ఓడి, ఆ రాజు ఒట్టోమన్ రాజ్యంలో ఐదేళ్ళు తలదాచుకున్న మాట నిజమే. కానీ రాజు తెచ్చాడట! రాజు ఏనాడైనా రోలు దగ్గర కూర్చున్నాడా? చరిత్ర రాసేవాళ్ళకు ఈ జబ్బు అన్ని దేశాల్లోనూ ఉంది. వండినవాళ్ళు వెయ్యి మంది ఉన్నా, తెచ్చినవాడు ఒక్క రాజే అవుతాడు. 1755లో కైసా వార్గ్ అనే ఇంటి పనుల పర్యవేక్షకురాలు అచ్చు వేయించిన వంటల పుస్తకంలో ఈ ఉండలు కనిపిస్తాయి. నాకు ఆమె ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది.

అమెరికాకు ఈ ఉండ ఇంకో దారిన వెళ్ళింది. 1880 నుంచి 1920 మధ్య సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు వలసపోయారు. ఎక్కువమంది దక్షిణాది పేద రైతులు. సొంత ఊళ్ళో మాంసం పండక్కే. అమెరికాలో చవక. అందుకే ఇటలీలో చిన్నగా ఉండే ఉండ అక్కడ పెద్దదైంది, సేమ్యాలాంటి స్పగెట్టి మీదికెక్కింది. 1914లో వలస వచ్చిన ఎత్తోరె బొయార్ది అనే వంటవాడు 1924లో క్లీవ్‌లాండ్‌లో హోటల్ పెట్టాడు. జనం అతని సాస్‌ను ఇంటికి అడిగితే పాల సీసాల్లో నింపి ఇచ్చేవాడు. ఆ సీసాలే తర్వాత ఫ్యాక్టరీ అయ్యాయి, డబ్బాలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి రేషన్ అయ్యాయి. అతని పేరు అమెరికన్లకు పలకరాలేదని డబ్బా మీద ముక్కలు చేసి "బాయ్-ఆర్-డీ" అని రాశాడు. వాడలో పేరుతో, బడిలో ఇంకో పేరుతో బతికినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మాంసం ఎక్కడ కోశారో కూడా చూడాలి. 1865లో తెరిచిన చికాగో స్టాక్‌యార్డ్స్‌లో ఒక్కో పశువును వరసగా నిలబడ్డ మనుషులు ఒక్కో కోతగా విడదీసేవారు. వలస వచ్చిన లిథువేనియన్లు, పోలిష్‌వాళ్ళు, తర్వాత దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కార్మికులు. 1906లో అప్టన్ సింక్లేర్ "ది జంగిల్" నవల రాశాడు, ఆ కార్మికుల నరకం చూపించడానికి. అదే ఏడు అమెరికాలో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. కార్మికుడి కోసం రాసిన నవలకు తినేవాడి కోసం చట్టం వచ్చింది! కార్మికులకు దక్కింది వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదే. 1943లో ఏర్పడ్డ ప్యాకింగ్‌హౌస్ కార్మికుల సంఘం నలుపు తెలుపులను ఒకే జెండా కిందికి తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో కరోనా ఆ మాంసం ఫ్యాక్టరీలను చుట్టుముట్టినప్పుడు, వాటిని నడిపించడానికి ట్రంప్ యుద్ధకాలపు చట్టం కింద ఉత్తర్వు ఇచ్చాడు. ఇంట్లో కూర్చున్నవాళ్ళ ఫ్రీజర్లు ఖాళీ కాకూడదు కదా.

మాంసం ముక్కకు ముఖం ఉంటుంది. కైమాకు ఉండదు. అది ఏ జంతువో ప్యాకెట్ చెప్పాల్సిందే, మనం నమ్మాల్సిందే. 2013 ఫిబ్రవరిలో చెక్ దేశపు అధికారులు ఐకియా మీట్‌బాల్స్‌లో గుర్రం మాంసం ఆనవాళ్ళు పట్టుకున్నారు. యూరప్‌లో పలు దేశాల్లో కంపెనీ అమ్మకం ఆపేసి సరుకు వెనక్కి తీసుకుంది. మాంసం ఏ జంతువుదన్న అనుమానం అక్కడ అంతటితో తీరింది. 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రి దగ్గర బిసాహడా గ్రామంలో మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు, ఫ్రిజ్‌లో గొడ్డుమాంసం ఉందన్న పుకారుతో. తర్వాత మాంసాన్ని ల్యాబ్‌కు పంపారు. అక్కడ సరుకు వెనక్కి పోయింది. ఇక్కడ మనిషి పోయాడు.

2018 ఆగస్టు 9న అదే ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని మన హైటెక్ సిటీలో తెరిచింది. వెయ్యి మంది కూర్చునే హోటల్ కూడా పెట్టింది. గొడ్డు, పంది మాంసం కలిపి చేసే ఉండ 1985 నుంచి ఆ కంపెనీ గుర్తింపు. హైదరాబాద్‌లో మాత్రం చికెన్ ఉండలు, కూరగాయల ఉండలు వచ్చాయి. స్థానిక మనోభావాలను గౌరవిస్తున్నాం అన్నారు. ఎవరు స్థానికులు? 1977 చట్టం ఇక్కడ ఆవు, దూడల వధను నిషేధించింది. సర్టిఫికెట్ ఉన్న గేదెను నిషేధించలేదు. పంది మాటే ఆ చట్టంలో లేదు. కేంద్ర ప్రభుత్వపు 2014 ఎస్ఆర్ఎస్ సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. పెద్దకూరతో చేసే కల్యాణి బిర్యానీ తరాలుగా ఈ నగరంలో కార్మికుల కడుపు నింపుతోంది. ఇదే నగరంలోని ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసి దెబ్బలు తిన్నారు. ఇంతమంది స్థానికులున్నా, "స్థానిక మనోభావం" లెక్కలోకి వాళ్ళెవరూ రాలేదు. ఒక వ్యాపారి లెక్కగా దాన్ని నేను అర్థం చేసుకోగలను. ముస్లింలకు పంది వద్దు, హిందువులలో చాలామందికి గొడ్డు వద్దు, చికెన్‌తో గొడవ లేదు. కానీ గౌరవం అనే మాట వాడినప్పుడు ఎవరి గౌరవమో అడగాలి. పందిని పెంచి బతికే ఎరుకలకూ మనోభావాలుంటాయి.

పక్కనే ఇంకో కథ పెట్టి చూడండి. 1924లో బెంగళూరులో మయ్య సోదరులనే బ్రాహ్మణులు పెట్టిన హోటల్ ఎంటీఆర్. ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటళ్ళ ధరలు తగ్గిస్తే నష్టం తట్టుకోలేక పొడులు, మిక్స్‌లు ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టారు. ఇడ్లీ మిక్స్ పొట్లంతోపాటు ఆ వంటిల్లు, ఆ పేరు, ఆ మడి గౌరవం కూడా దేశమంతా వెళ్ళాయి. బాగా చేశారు, నేనూ కొంటాను. కానీ వంటిల్లు పేరు చెప్పుకుని ప్యాకెట్‌లోకి ఎక్కగలిగింది ఎవరు? పేరు చెప్పుకుంటే సరుకు కొననివ్వరని భయపడాల్సింది ఎవరు? తునకలు అమ్మే మన ఆడబిడ్డ ఒకతె అట్ట మీద "మాదిగవాడ తునకలు" అని అచ్చు వేయించగలదా? వేయిస్తే ఏ సూపర్ మార్కెట్ అరలో పెడతారు?

2009లో పుణె విశ్వవిద్యాలయం సావిత్రిబాయి ఫూలే స్త్రీ అధ్యయన కేంద్రంలో శర్మిలా రెగె, ఆమె సహచరులు విద్యార్థులతో కలిసి దళితుల ఆహార జ్ఞాపకాలను పోగుచేసి పుస్తకం తెచ్చారు. మరాఠీలో షాహు పాటోళె 2015లో మరాఠ్వాడా మహార్, మాంగ్ వంటల మీద రాసిన పుస్తకం 2024లో ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో అలాంటి పని మన క్లాసుల్లోనే మొదలుకావాలి. పీజీ ప్రాజెక్టుకు టాపిక్ దొరకడం లేదని నా దగ్గరికొచ్చే పిల్లలు ఇక ఆ మాట అనొద్దు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉంటే ఎండు మాంసాన్ని మీ వైపు ఏమంటారో అడగండి. మా నల్గొండ వైపు వట్టి తునకలు, ఒట్టి తునకలు రెండూ వింటాను. ఏ జిల్లా, ఏ ఊరు, ఎంత మందంగా కోసేవారు, దేనిలో దాచేవారు, ఏ ఆకుకూరతో వండేవారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అన్నీ రాసుకోండి. ఆమె ఒప్పుకుంటే ఆమె గొంతు రికార్డు చేయండి. పేరు చెప్పొద్దంటే చెప్పకండి. రాసింది నాకు పంపండి. వచ్చే భాగంలో దండెం, కత్తిపీట, రోలు గురించి మీరు పంపినవాటితోనే రాస్తాను.